దమ్ము చక్రం.. పట్టు మించినా ముప్పే
చిన్న ట్రాక్టరుకు ఇనుప చక్రాల ఎంపికలో మెలకువ అవసరం

భీమవరం: దమ్ము చేస్తుండగా ట్రాక్టరు తిరగబడి డ్రైవరు మృతి చెందాడన్న వార్త దాదాపు ప్రతి సాగు కాలంలోనూ ఎక్కడో ఒకచోట నుంచి వస్తూనే ఉంటుంది. గోదావరి డెల్టాలో దాళ్వా నాట్లకు చేలను సిద్ధం చేసే డిసెంబరు, జనవరి నెలల్లో ఈ బెడద అధికం. ఇటీవలి కాలంలో చిన్న కమతాలకు, ఇరుకు పుంతలకు అనువుగా ఉంటాయని రైతులు 20 నుంచి 30 హెచ్‌పీ లోపు మినీ ట్రాక్టర్లపై మొగ్గు చూపుతున్నారు. అయితే వాటికి బిగించే ఇనుప చక్రాల విషయంలో పెద్ద ట్రాక్టరు లెక్కనే పాటించడం చిక్కులు తెచ్చిపెడుతోంది.

డెల్టాలోని నల్ల బంకమన్ను రబ్బరు టైరు గాళ్లలో నిండిపోతే టైరు నున్నని రోలరుగా మారిపోతుంది. ఎంత తిప్పినా ఉన్నచోటనే జారుతుంది. ఇనుప చక్రం అవసరం ఇక్కడే ఏర్పడింది. దాని అంచుకు అడ్డంగా అతికిన బద్దలు బురదను చీల్చుకుంటూ దిగి, అడుగునున్న గట్టి పొరను పట్టుకుని బండిని ముందుకు నెడతాయి. ఆ క్రమంలో మట్టిని కలియదున్నే పని కూడా కొంత జరుగుతుంది.

పూర్తి చక్రమా.. సగం చక్రమా?

వెనుక టైర్లను ఊడదీసి వాటి స్థానంలో బిగించేది పూర్తి చక్రం. టైరును అలాగే ఉంచి దాని పక్కన బోల్టులతో కలిపేది సగం చక్రం. సగం చక్రం వ్యాసం టైరు కంటే కొద్దిగా తక్కువగా ఉండాలి. అప్పుడే గట్టి నేలపై బరువంతా టైరు మోస్తుంది, బురదలో దిగినప్పుడు మాత్రమే బద్దలు పనిలోకి వస్తాయి.

కొనుగోలుకు ముందు చేను చూడాలి. నీరు పెట్టి నానిన చేలో ఒక కర్రను దించితే గట్టి పొర ఎంత లోతున తగిలేదీ తెలుస్తుంది. పిక్కల లోతులోనే తగిలితే సగం చక్రాలు సరిపోతాయి. అంతకు మించి దిగే పల్లపు చేలలో పూర్తి చక్రాలు వాడుతుంటారు. కానీ మినీ ట్రాక్టరు పొట్ట నేలకు సుమారు అడుగు ఎత్తులోనే ఉంటుంది. బురద అంతకు మించితే పొట్ట ఆనుకుపోతుంది. అప్పుడు ఏ చక్రం బిగించినా ప్రయోజనం ఉండదు. అటువంటి ఊబి చేనుకు తేలికైన పవర్ టిల్లరే గతి.

బరువైన చక్రం మంచిదన్న అభిప్రాయం కూడా సరికాదు. బరువు పెరిగిన కొద్దీ గట్టి పొర చితికిపోతుంది. నీరు అడుగుకు ఇంకిపోతుంది, మరుసటి పంటకు అదే చోట బండి మరింత దిగబడుతుంది. బద్దలు మరీ దగ్గరగా ఉంటే మధ్యలో మట్టి ఇరుక్కుంటుంది. మరీ దూరమైతే బండి ఎగిరెగిరి పడుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రాక్టరైతే మరో సంగతి గమనించాలి. ముందు, వెనుక చక్రాల వేగాల నిష్పత్తిని కంపెనీ టైర్ల కొలతను బట్టి నిర్ణయిస్తుంది. వెనుక వేసే పూర్తి చక్రం కొలత టైరుతో సరిపోలకపోతే గట్టి నేలపై ముందు యాక్సిల్ గేర్లపై ఒత్తిడి పడుతుంది.

తిరగబడేది ఎందుకంటే..

చక్రం కాస్త జారడం ఒక విధంగా రక్షణే. వెనుక చక్రాలు కదలకుండా బిగుసుకుపోయినప్పుడు డ్రైవరు క్లచ్ ఒక్కసారిగా వదిలి ఇంజను వేగం పెంచితే, ఆ శక్తికి బండి యాక్సిల్ చుట్టూ తిరిగి ముందుభాగం పైకి లేస్తుంది. రెండు సెకన్లలోపే వెనక్కు పడిపోతుంది. దూకేందుకు వ్యవధి ఉండదు. బురదలో ముఖం కూరుకుపోతే ఊపిరి అందదు.

దిగబడిన బండిని లేపేందుకు చక్రాల ముందు దుంగ వేయడం, బద్దలకు కర్రలు కట్టడం పల్లెల్లో పరిపాటి. తిరగబడటానికి దగ్గరి దారి అదే. ముందుగా రోటావేటరును ఆపి, మెల్లగా రివర్సు గేరులో వెనక్కు రావడానికి ప్రయత్నించాలి. రాకపోతే మరో ట్రాక్టరును రప్పించి ముందు నుంచి లాగించాలి. గొలుసును లాగే బండి కింది కొక్కేనికే తగిలించాలి. ముందు బరువు దిమ్మలను, డ్రైవరు వెనుక రక్షణ చట్రాన్ని అడ్డంగా ఉన్నాయని తీసివేసే అలవాటు మానుకోవాలి. ఎకరాల లెక్కన కిరాయికి తిరిగే డ్రైవరుకు ఎప్పుడూ తొందరే కాబట్టి, చేను యజమాని ఒక మాట ముందే చెప్పడం మేలు.

రోడ్డెక్కితే కేసు

పూర్తి చక్రాలతో తారు రోడ్డు ఎక్కితే బద్దలు రోడ్డును గుంతలు చేస్తాయి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రోడ్డుపై తిరిగే వాహనానికి గాలి టైర్లు ఉండాలి. ఈ ట్రాక్టర్ల యజమానులపై ప్రజా ఆస్తుల నష్ట నిరోధక చట్టం, 1984 కింద కేసులు పెడతామని అధికారుల హెచ్చరికలు ఏటా వెలువడుతూనే ఉన్నాయి. చక్రాలను ట్రక్కులో వేసుకెళ్లి చేని గట్టు వద్ద మార్చుకోవాలి. మార్చిన గంట తర్వాత నట్లు మరోసారి బిగించాలి. పని ముగిశాక కాలువ నీటితో బురద కడిగించడమూ అవసరమే. రోడ్డుపై రాలిన ఆ మట్టి మంచుకు తడిసి, తెల్లవారుజామున పాలు పోయడానికి సైకిళ్లపై, మోటారు సైకిళ్లపై వెళ్లేవారిని జార్చి పడేస్తోంది.