పదిహేను ట్రోఫీలు, ఒక నెలజీతం

భారతీయ రైల్వే పురుషుల జట్టు రంజీ ట్రోఫీ ఆడటం మొదలుపెట్టింది 1958లో. అరవై ఏళ్లు దాటినా అది రంజీ గెలిచింది రెండేసార్లు, 2001-02లో ఒకసారి, 2004-05లో ఇంకోసారి. అదే రైల్వేకు మహిళల జట్టు కూడా ఉంది. బీసీసీఐ 2006-07లో మహిళల దేశవాళీ వన్డే టోర్నీ ప్రారంభించింది మొదలు 2023-24 దాకా ఆ జట్టు గెలుచుకున్న ట్రోఫీలు పదిహేను. తొలి పన్నెండు టోర్నీల్లో పదకొండు దానివే. మధ్యలో 2011-12లో మాత్రం ఢిల్లీ గెలిచింది. ఇద్దరికీ యజమాని ఒకరే, ఇచ్చేది స్పోర్ట్స్ కోటాలో అదే చిన్న ఉద్యోగం. అయినా మగవాళ్ల జట్టు పదింట్లో ఒకటిగా ఉండిపోయింది, ఆడవాళ్ల జట్టు ఎవరికీ అందకుండా పోయింది. ఈ తేడాకు కారణం శిక్షణలోనో, పిచ్‌లోనో వెతికితే దొరకదు. మగవాడికి రైల్వే ఉద్యోగం ఉన్న దారుల్లో ఒకటి. బ్యాంకులు పిలిచేవి, చమురు కంపెనీలు పిలిచేవి. హైదరాబాద్‌లో జరిగే మొయినుద్దౌలా గోల్డ్ కప్‌లో స్టేట్ బ్యాంక్ జట్టు ఆడుతుంటే చూసిన పెద్దవాళ్లకు ఆ సంగతి తెలుసు. ఆడపిల్లకు అలాంటి దారులు చాలాకాలం లేవు. అందుకే రైల్వే మహిళల జట్టు చరిత్ర అంటే, నా దృష్టిలో, మన దేశంలో మహిళా క్రికెట్‌కు జీతం ఎక్కడినుంచి వచ్చిందన్న చరిత్ర. ఆ పదిహేను ట్రోఫీలు ఆ జట్టు ప్రతిభకు ఎంత సాక్ష్యమో, మిగతా అందరి ఉదాసీనతకూ అంతే సాక్ష్యం.

మొదటినుంచీ చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. మహేంద్ర కుమార్ శర్మ చొరవతో భారత మహిళా క్రికెట్ సంఘం 1973లో లక్నోలో ఏర్పడింది. ఆ ఏడాదే పుణెలో జరిగిన తొలి జాతీయ పోటీలకు వచ్చిన జట్లు మూడు: బొంబాయి, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్. ఏడాది తిరిగేలోగా ఆ సంఖ్య ఎనిమిదికి పెరిగింది. 1976లో శాంతా రంగస్వామి నాయకత్వంలో భారత్ పట్నాలో వెస్టిండీస్‌ను ఓడించి తొలి టెస్టు విజయం సాధించింది. 1978 ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ ఆడిన ఆఖరి మ్యాచ్‌కు వేదిక హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియం. ఆట ఇంత త్వరగా ఎదిగినా, ఆడేవాళ్ల చేతికి రూపాయి వచ్చేది కాదు. రిజర్వేషన్ లేని పెట్టెల్లో ప్రయాణాలు, హాళ్లలో నేలమీద పడకలు, ఎదురు ఖర్చులు. ఈ పరిస్థితి ఏ పాతరాతి యుగానిదో కాదు. 2005లో భారత్ ప్రపంచ కప్ ఫైనల్ చేరినప్పుడు కూడా ఒక్కో మ్యాచ్‌కు తమకు ముట్టింది వెయ్యి రూపాయలేనని నాటి కెప్టెన్ మిథాలీ రాజ్ తర్వాత చెప్పారు. ఎనిమిది మ్యాచ్‌లకు ఎనిమిది వేలు. దేశం తరఫున ఆడితేనే అంత అయితే, రాష్ట్రం తరఫున ఆడే అమ్మాయి సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో రైల్వే తలుపు తెరుచుకోవడం వెనక ఒక మనిషి పట్టుదల ఉంది. 1978 ప్రపంచ కప్‌లో భారత్‌కు కెప్టెన్‌గా ఉన్న ఎడమచేతి స్పిన్నర్ డయానా ఎడుల్జీ పశ్చిమ రైల్వే ఉద్యోగిని. క్రికెట్ ఆడే అమ్మాయిలకు స్పోర్ట్స్ కోటాలో కొలువులు ఇవ్వాలని ఆమె పట్టుబట్టారు. 1980లలో రైల్వే మంత్రిగా ఉన్న మాధవరావు సింధియా అందుకు అండగా నిలిచారు. ఇచ్చిన ఉద్యోగాలేమీ గొప్పవి కావు. జూనియర్ క్లర్కు, టికెట్ కలెక్టర్, ఆ స్థాయివే ఎక్కువ. కానీ తెలుగు ఇళ్లలో రైల్వే ఉద్యోగం అన్న మాటకు ఉన్న బరువు మనకు తెలియనిది కాదు. సికింద్రాబాద్, కాజీపేట, విజయవాడ, గుంతకల్ వంటి ఊళ్లలో తరాలకు తరాలు ఆ నీడనే బతికాయి. ఒకటో తారీఖున జీతం, కుటుంబానికి పాసు, జబ్బు చేస్తే రైల్వే ఆసుపత్రి, చివర్లో పెన్షన్. క్రీడాకారిణికి వీటికితోడు ఇంకోటి దొరికింది: టోర్నీకి వెళ్లినా, క్యాంపుకు వెళ్లినా డ్యూటీలో ఉన్నట్టే లెక్క. పద్దెనిమిదేళ్లు నిండిన కూతురు ఇంకా బ్యాటు పట్టుకుని తిరుగుతోందని ఇంట్లో, వీధిలో పడే గొణుగుడుకు అంతకన్నా గట్టి జవాబు ఉండేది కాదు. పెళ్లి వాయిదా వేయమని అడగటానికైనా, పెళ్లయ్యాక ఆట కొనసాగిస్తానని చెప్పటానికైనా ఆ జీతమే ధైర్యం ఇచ్చింది. ప్రతిభ ఉన్న అమ్మాయి ఇరవై ఏళ్లకే ఆట మానేయకుండా ముప్పై దాకా ఆడగలగటం ఏ కోచ్ నేర్పే ఒడుపుకన్నా పెద్ద లాభం. రైల్వే జట్టు ఏళ్ల తరబడి గెలిచింది ప్రధానంగా ఆ అనుభవంతోనే అని నేను అనుకుంటాను.

ఎయిర్ ఇండియా కూడా అప్పట్లో క్రికెట్ ఆడే అమ్మాయిలను చేర్చుకునేది. అయితే 2006లో మహిళా క్రికెట్ బీసీసీఐ చేతికి వచ్చాక ఆ జట్టుకు దేశవాళీ టోర్నీల్లో చోటు లేకపోయింది. రైల్వే మాత్రం రంజీ రోజులనుంచే బోర్డులో సభ్య సంస్థ కాబట్టి, దాని మహిళల జట్టు నేరుగా కొత్త టోర్నీలోకి వచ్చింది. ఆ తర్వాత సంగతి 2017 ప్రపంచ కప్ చూస్తే తెలుస్తుంది. భారత బృందంలో ఉన్నది పదిహేను మంది. వాళ్లలో పదిమంది రైల్వే ఉద్యోగినులు. సెమీఫైనల్లో ఆస్ట్రేలియాపై 171 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచిన హర్మన్‌ప్రీత్ కౌర్ అప్పుడు రైల్వే మనిషే. న్యూజిలాండ్‌పై 15 పరుగులిచ్చి 5 వికెట్లు తీసిన రాజేశ్వరి గయక్వాడ్, లార్డ్స్ ఫైనల్లో 86 పరుగులు చేసిన పూనమ్ రౌత్, కెప్టెన్ మిథాలీ, అందరూ అక్కడినుంచి వచ్చినవాళ్లే. వాళ్ల ఊర్లు చూడండి. హర్మన్‌ప్రీత్‌ది పంజాబ్‌లో మోగా, రాజేశ్వరిది కర్ణాటకలో విజయపుర, పూనమ్ యాదవ్‌ది ఆగ్రా, ఏక్తా బిష్త్‌ది కొండల్లోని అల్మోరా. దేశానికి మహిళా క్రికెట్ అనేది ఒకటుందని తెలిపిన ఆ జట్టును చిన్న పట్టణాలు కన్నాయి, రైల్వే పెంచింది.

దీనికి రాష్ట్ర సంఘాల వైపునుంచి ఒక అభ్యంతరం ఎప్పటినుంచో ఉంది, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. రాష్ట్రాలు పన్నెండేళ్ల పిల్లను పట్టుకుని నేర్పి, అండర్-19 దాకా తెచ్చి నిలబెడితే, పంట కోసుకున్నది రైల్వే. ఈ దెబ్బ మన హైదరాబాద్, ఆంధ్ర జట్లు రెండిటికీ తగిలింది. మిథాలీ రాజ్ హైదరాబాద్‌లో పెరిగిన క్రీడాకారిణి, ఆడింది ఎక్కువగా రైల్వేకు. హైదరాబాద్‌నుంచి అరుంధతి రెడ్డి, ఆంధ్ర నుంచి సబ్బినేని మేఘన అదే దారి పట్టారు. 2018-19లో ఆంధ్ర వన్డే టోర్నీ ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ చేతిలో ఓడింది. ఉన్న ప్రతిభ అంతా ఇంటిపట్టునే ఉంటే ఏమయ్యేదో అన్న బాధ సహజం. కానీ ఆ అమ్మాయిలను రైల్వే ఎత్తుకుపోలేదు. ఇంట్లో అన్నం పెట్టనివాళ్లు, పక్కింట్లో తిన్నదని బిడ్డను నిందించలేరు. బీసీసీఐ ఆదాయం ఎంత పెరిగినా, 2021 దాకా సీనియర్ మహిళలకు దేశవాళీ మ్యాచ్ ఫీజు రోజుకు 12,500 రూపాయలు. అప్పుడు దాన్ని 20,000 చేశారు. ఏడాదికి ఎనిమిది వన్డేలు, ఎనిమిది టీ20లు ఆడే అమ్మాయికి ఆ పెరిగిన లెక్కన కూడా వచ్చేది మూడున్నర లక్షల లోపే. గాయపడి ఒక సీజన్ కూర్చుంటే అదీ లేదు. ఏక్తా బిష్త్ రాష్ట్రం ఉత్తరాఖండ్‌కైతే 2018-19 దాకా దేశవాళీ క్రికెట్‌లో సొంత జట్టే లేదు. ఆమె ఏ రాష్ట్రానికి ద్రోహం చేసినట్టు?

రెండో అభ్యంతరం బరువైనది. ఒకే జట్టు పన్నెండింట పదకొండు గెలిస్తే అది పోటీ ఎలా అవుతుంది? దేశంలోని మేటి ఆటగత్తెలంతా ఒకేవైపు ఉంటే ఎదుటి బౌలర్‌కు గెలుస్తామన్న ఆశ ఉండదు, రైల్వే బ్యాటర్‌కు కష్టమైన మ్యాచ్ దొరకదు. ఇది నిజమే. 2017 దాకా మన జట్టు పెద్ద మ్యాచ్‌ల చివరి ఓవర్లలో తడబడటానికి దేశవాళీ క్రికెట్‌లో అలాంటి ఒత్తిడి లేకపోవటమూ ఒక కారణం కావచ్చని నేను ఒప్పుకుంటాను. లార్డ్స్‌లో గెలుపు తొమ్మిది పరుగుల దూరంలో జారిపోయింది. అయితే దీనికి మందు రైల్వే జట్టును కుదించటం కాదు, దానిలాంటివి ఇంకా పది ఉండాలి. ఒక్కరే జీతం ఇచ్చిన చోట ఏకపక్షం తప్పదు. ఇచ్చేవాళ్లు పెరిగాక ఏం జరిగిందో ఈ కొద్ది ఏళ్లలోనే కనిపిస్తోంది.

2022 అక్టోబరులో బీసీసీఐ అంతర్జాతీయ మ్యాచ్ ఫీజును స్త్రీపురుషులకు సమానం చేసింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైంది. 2024-25 వన్డే ట్రోఫీ మధ్యప్రదేశ్‌కు వెళ్లింది, వాళ్లకు అదే మొదటిది. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచ కప్ గెలిచిన జట్టులో రైల్వే ఉద్యోగినులు ప్రతీకా రావల్, స్నేహ్ రాణా, రేణుకా సింగ్ ఠాకూర్. పదినుంచి మూడు. ఆ జట్టులో 14 వికెట్లు తీసిన మన శ్రీచరణి కడప జిల్లా ఎర్రమల్లె నుంచి, ఆంధ్ర జట్టు నుంచి నేరుగా వచ్చింది. రైల్వేలో చేరకుండానే ప్రపంచ కప్ అందుకోవచ్చని చూపిన తెలుగమ్మాయి ఆమె.

ఇక రైల్వే ఉద్యోగాల అవసరం తీరిపోయిందా? అలా అనేవాళ్లు ఒక చిన్న లెక్క వేసి చూడాలి. ప్రీమియర్ లీగ్‌లో ఐదు జట్లు, జట్టుకు గరిష్ఠంగా పద్దెనిమిది మంది, అందులో ఆరుగురు విదేశీయులు. మిగిలేది అరవై చోట్లు. దేశవాళీ వన్డే టోర్నీ ఆడే జట్లు ముప్పైకి పైగా. జట్టుకు పదిహేను మంది చొప్పున చూసినా నాలుగు వందల యాభై దాటుతారు. అంటే లీగ్ వెలుగు పడని వాళ్లు ప్రతి ఎనిమిదిమందిలో దాదాపు ఏడుగురు. లీగ్‌లో ఉన్నవాళ్లలో కూడా చాలామందిది కనీస ధర పది లక్షలు, ఏడాది మారితే ఉంటుందో లేదో తెలియని ధర. 2025 డిసెంబరులో దేశవాళీ ఫీజును రోజుకు 50,000 చేయటం మంచి అడుగు. కానీ ఫీజు వేరు, జీతం వేరు. ఆడిన రోజుకు వచ్చేది ఫీజు. కాలు బెణికి ఇంట్లో ఉన్న నెల కూడా వచ్చేది జీతం.

ప్రభుత్వాలు ఉద్యోగాలు ఇవ్వటం లేదా అంటే ఇస్తున్నాయి. హర్మన్‌ప్రీత్‌కు పంజాబ్, దీప్తి శర్మకు ఉత్తరప్రదేశ్, రిచా ఘోష్‌కు పశ్చిమ బెంగాల్ డీఎస్పీ పదవులు ఇచ్చాయి. శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ రెండున్నర కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఆ గౌరవానికి వాళ్లు అన్నివిధాలా అర్హులు. కాకపోతే అవన్నీ గెలిచాక వచ్చినవి. డయానా ఎడుల్జీ అడిగి సాధించిన క్లర్కు ఉద్యోగం గెలవకముందు వచ్చింది, ఇంకా ఏ పేరూ లేని పందొమ్మిదేళ్ల పిల్లకు వచ్చింది. ఆంధ్ర, హైదరాబాద్ సంఘాలు ఏటా పదిహేను ఇరవై మంది అమ్మాయిలకు, ఆడినా ఆడకపోయినా పన్నెండు నెలలూ అందే ఒప్పంద జీతం ఇవ్వటానికి అయ్యే ఖర్చు, ఒక విజేతకు ప్రకటించే బహుమతి మొత్తంలోనే సరిపోతుంది. నెలకు యాభైవేలు, ఇరవై మంది, పన్నెండు నెలలు: కోటీ ఇరవై లక్షలు.