బావికడ దొరకిన విలువ

స్త్రీకి విలువ యెక్కడనుండి వచ్చును? పుట్టినింట నుండునప్పుడు చదువువలనను చక్కదనమువలనను వచ్చునందురు. అత్తవారింట అడుగిడిన పిమ్మట తెచ్చిన సొమ్మువలనను, పనివాటమువలనను, కడుపు పండుటవలనను వచ్చునందురు. ఉద్యోగము చేయు స్త్రీకి జీతమువలనను పదవివలనను వచ్చునందురు. వీనిలో నేదియు లేని యిల్లాలు "నేనెందులకు పనికివచ్చుదును?" అని వంటయింటి గోడలతో చెప్పుకొనును. అన్నియు గలిగిన యామెకును నెమ్మది లేదు; ఉన్నది యెప్పుడు పోవునో యను బెంగ ఆమెను విడువదు. ఈ కొలబద్దను చేతబట్టుకొని పగలెల్ల మనము ఒకరినొకరము కొలుచుకొనుచున్నాము. రాత్రి పండుకొనునప్పుడు మనలను మనమే కొలుచుకొని నిట్టూర్చుచున్నాము.

క్రైస్తవధర్మము ఈ ప్రశ్నకు వేరొక సమాధానము చెప్పుచున్నది. మనుష్యుని విలువ అతడు సంపాదించుకొనునది గాదనియు, దేవుడు ముందుగానే యిచ్చియుంచినదనియు దాని సారము. ఈ మాటను గుడిలో వినుట సులభము. ఇంట నమ్ముట కష్టము. సంపాదింపదగిన కీర్తినంతయు సంపాదించి, పిదప ఈ మాటను మెల్లమెల్లగా నేర్చుకొనిన యొక భారతస్త్రీ చరిత్రను సోదరీమణుల యెదుట నుంచదలచితిమి. ఆమె పండిత రమాబాయి.

రమాబాయి 1858 ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూల యను అటవీప్రదేశమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత విద్వాంసుడు. స్త్రీకి సంస్కృతము చెప్పరాదని లోకులు ఆక్షేపించుచున్నను ఆయన తన భార్యయగు లక్ష్మీబాయికి ఆ భాషను నేర్పెను. లక్ష్మీబాయి కుమార్తెకు నేర్పెను. ఆ కుటుంబము క్షేత్రములు తిరుగుచు, పురాణము చెప్పుచు కాలము గడపెడిది. భాగవతములోని 18,000 శ్లోకములు బాల్యముననే ఆమెకు కంఠస్థములయ్యెనని ఆమె చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.

పిమ్మట దక్షిణదేశమున క్షామము వచ్చెను. చేతనున్నదంతయు దానధర్మములకును తీర్థయాత్రలకును వెచ్చించిన ఆ కుటుంబమునకు పట్టెడన్నము కరవయ్యెను. మన తిరుపతి కొండ చెంత అడవిలో ఆకులలములు తిని దినములు గడపిన సంగతిని రమాబాయియే తరువాత వ్రాసినది. తండ్రి గతించెను, తరువాత తల్లియు అక్కయు గతించిరి. మిగిలిన యన్న శ్రీనివాసశాస్త్రితో గూడి కాలినడకను దేశమెల్ల తిరిగి, 1878లో ఆమె కలకత్తా చేరెను. అచ్చటి పండితులు ఆమెను పరీక్షించి, ఆమె పాండిత్యమునకు అబ్బురపడి, "పండిత" యనియు "సరస్వతి" యనియు బిరుదములిచ్చిరి. అప్పటికామె వయస్సు ఇరువది యేండ్లు. ఆ కాలమున ఒక స్త్రీకి అంతకుమించిన గౌరవము దొరకుట దుర్లభము.

ఆ గౌరవము ఆమెకు నీడనిచ్చినది గాని నిలువనిల్లు కాలేదు. 1880లో అన్న మరణించెను. ఆ సంవత్సరమే ఆమె బిపిన్ బిహారీ మేధావి యను వకీలును వివాహమాడెను. 1882లో ఆయనయు విషూచివ్యాధిచే కాలధర్మము నొందెను. ఒడిలో పసిబిడ్డ మనోరమతో, ఇరువది నాలుగేండ్లైన నిండకమునుపే ఆమె విధవయయ్యెను. పండితసభలో సరస్వతి యనిపించుకొనిన యామె, నాటి యాచారము ననుసరించి, శుభకార్యమునకు ఎదురురాదగనిదయ్యెను. సోదరీమణులు ఇచ్చట నొక్కక్షణ మాగి యోచింపవలెను. బిరుదము ఇచ్చినది లోకమే. అమంగళ యని ముద్రవేసినదియు లోకమే. ఆమెలో మారినదేమి? లోకమిచ్చు విలువకు ఈ గుణము సహజము. ఇచ్చిన చేయియే దానిని తిరిగి లాగుకొనగలదు.

వైద్యవిద్య నేర్వవలెనను కోరికతో 1883లో రమాబాయి ఇంగ్లండునకు వెళ్లెను. చెవులు సరిగా వినబడకపోవుటచే ఆ కోరిక ఫలింపలేదు. వాంటేజ్ అను పట్టణమున క్రైస్తవ సన్యాసినులు ఆమెకు ఆశ్రయమిచ్చిరి. వారు లండనులోని ఫుల్హామునందు నడుపుచున్న యొక గృహమును చూచుటకు ఆమెను పంపిరి. లోకముచేత పతితలని త్రోయబడిన స్త్రీలకై యేర్పడిన గృహమది. అచ్చటి సన్యాసినులు ఆ స్త్రీలను సొంత తోబుట్టువులవలె చూచుట రమాబాయికి మిక్కిలి వింతగా తోచెను. ఇట్టివారిపై ఇంతటి దయ యేల యని ఆమె ప్రశ్నింపగా, ఒక సన్యాసిని యోహాను సువార్త నాల్గవ యధ్యాయము తీసి, సమరయ స్త్రీ కథను చదివి వినిపించెను.

ఆ కథ తెలియని పాఠకురాండ్రకై క్లుప్తముగా చెప్పెదము. మిట్టమధ్యాహ్నము యేసు ప్రయాణపు బడలికతో ఒక బావియొద్ద కూర్చుండెను. సమరయ దేశపు స్త్రీ యొకతె ఒంటరిగా నీళ్లకు వచ్చెను. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకొనరు. పైగా ఆమె యైదుగురు భర్తలను చూచినది. అప్పుడు కలిసియున్నవాడు భర్తయే కాడు. యేసు ఈ సంగతులన్నియు నెరిగియు, ఆమెనే దాహమునకు నీళ్లడిగెను. ఆమెతోనే జీవజలమునుగూర్చియు, సత్యారాధననుగూర్చియు సంభాషించెను. ఆమె కుండను అచ్చటనే విడిచి ఊరిలోనికి పరుగెత్తి, ఆ వార్తను అందరకు చాటెను.

ఈ స్త్రీ చేత బిరుదము లేదు, మంచిపేరు లేదు, కడకు ఒక యిల్లాలి ననుకొను ధైర్యమైన లేదు. ఆమె మంచిదైన తరువాత యేసు ఆమెతో మాటలాడలేదు. ఆయన మాటలాడుటచేతనే ఆమెలో మార్పు మొదలయ్యెను. శాస్త్రములెన్నియో చదివిన రమాబాయి హృదయమును తాకినది ఈ వరుసయే. అదే సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన వాంటేజ్‌లో ఆమెయు ఆమె కుమార్తెయు బాప్తిస్మము పొందిరి.

కథ ఇంతటితో ముగిసినదని తలంపరాదు. ఆమె అమెరికాకు పోయి, 1887లో ఉన్నతకులపు హిందూస్త్రీలనుగూర్చి ఆంగ్లమున గ్రంథము ప్రకటించి, సహాయము కూర్చుకొని వచ్చి, 1889లో బొంబాయియందు వితంతువులకై శారదాసదనమును స్థాపించెను; మరుసటి యేట దానిని పూనాకు మార్చెను. దేశదేశముల కీర్తి వచ్చెను. అయినను బాప్తిస్మము పొందిన యెనిమిదేండ్లకుగాని తనకు నిజమైన శాంతి దొరకలేదని ఆమె తన సాక్ష్యగ్రంథమున వ్రాసికొన్నది. విలియం హాస్లం అను ఆంగ్ల పురోహితుడు వ్రాసిన స్వానుభవ చరిత్రను చదువుచుండగా, తనకు క్రైస్తవమతము దొరకినదిగాని క్రీస్తు దొరకలేదని ఆమెకు తోచినదట. మతమునుకూడ ఆమె ఒక శాస్త్రమువలె నేర్చుకొని, ఒక వ్రతమువలె ఆచరించుచుండెను. నాడామె వట్టిచేతులతో దేవుని ముందు నిలిచి, క్షమను ఉచితముగా పుచ్చుకొన్నది.

మన క్రైస్తవ సోదరీమణులకు మిక్కిలి అవసరమైన భాగమిదియే యని మా యభిప్రాయము. లోకపు కొలబద్దను గడపవెలుపల విడిచి వచ్చినవారము గుడిలోపల మరియొకదానిని చేయించుకొనుచున్నాము. ఎవరు ఎన్ని వాక్యములు కంఠస్థము చేసిరి, స్త్రీల సమాజమునకు ఎవరు అధ్యక్షురాలు, ఎవరి చందా యెక్కువ, ఎవరి ప్రార్థన దీర్ఘము అని లెక్కించుచున్నాము. భక్తియే బిరుదమైనచో, బిరుదమునకు గల భయములన్నియు భక్తికిని అంటుకొనును. కృప యనగా అర్హత చూడక యిచ్చు దానము. బిడ్డ పుట్టినక్షణమున తల్లి దానిని గుండెలకు హత్తుకొనును. ఏమి సంపాదించితివని యడుగదు. దేవుని ప్రేమయు అట్టిదే.

ఆ పునాది యెంత గట్టిదో త్వరలోనే తెలియవచ్చెను. శారదాసదనములోని బాలికలను రమాబాయి క్రైస్తవమునకు త్రిప్పుచున్నదని 1893లో గొప్ప యలజడి పుట్టెను. అనేకులు తమ బాలికలను తీసికొనిపోయిరి. మునుపు పొగడిన నోళ్లే నిందించెను. ఆ వివాదములోని న్యాయాన్యాయములను చరిత్రకారులు నేటికిని చర్చించుచునేయున్నారు. మేము చెప్పవచ్చిన దొక్కటి: పొగడ్తవలన బ్రతుకునామెయైనచో నాడే పని మానుకొనియుండును. ఆమె మానుకొనలేదు. 1897లో మధ్యపరగణాలలో క్షామము ప్రబలగా, చిన్ననాటి తన యాకలి జ్ఞప్తికిరాగా, అచ్చటికి పోయి సుమారు 300 మంది స్త్రీలను బాలికలను వెంటబెట్టుకొని వచ్చి, పూనాకు దాపుననున్న కేడ్గాంవ్‌లో ఆశ్రయమిచ్చెను. అదియే ముక్తిసదనము. 1900 నాటి క్షామముతో అచ్చటి జనము వేయిమందిని దాటెను. త్రోవతప్పిన స్త్రీలకు కృపాసదనము, అంధులకు వేరొక గృహము ఏర్పడెను. ఆ స్త్రీలు సేద్యము చేసిరి, వస్త్రములు నేసిరి, ముద్రాక్షరశాలను నడపిరి. ఫుల్హాములో ఆమెకు వింతగా తోచినది కేడ్గాంవ్‌లో ఆమె దినచర్యయయ్యెను.

విలువ ఉచితముగా దొరకునన్నచో స్త్రీలు సోమరులగుదురని కొందరు శంకింతురు. రమాబాయి జీవితమే దీనికి సమాధానము. పల్లెటి స్త్రీకి సులభముగా తెలియు మరాఠీలో బైబిలును సిద్ధము చేయుటకై ఆమె ప్రౌఢవయస్సున హెబ్రీ, గ్రీకు భాషలను నేర్చుకొన్నది. 1919లో ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చెను. 1921లో కుడిభుజమైన మనోరమ మరణించెను. ఆ దుఃఖములోను పని సాగించి, 1922 ఏప్రిల్ 5వ తేదీన ఆమె కన్నుమూసెను. ఆమె బైబిలు 1924లో వెలువడినది. విలువ సంపాదించుకొనుటకై చేయు పనికి అలసటయు అసూయయు కూలి. విలువను పొందినవారు చేయు పనికి కృతజ్ఞతయే కూలి. చదువు వలదని, ఉద్యోగము తగదని మేమనము. అవి చేతిలోని పనిముట్లుగా నుండవలెను. మెడలోని వెలచీటీలు కారాదు.

ఇది మన యిండ్లలో నెట్లు కనబడవలెను? పరీక్ష తప్పిన కుమార్తె గడపలో నిలిచినప్పుడు తల్లి మొట్టమొదట చూపు ముఖమునుబట్టి ఆ బిడ్డ తన విలువను నేర్చుకొనును. మార్కుల మాట మరునాడు మాటలాడుకొనవచ్చును. ఆనాడు అన్నము కలిపి పెట్టుడు. బిడ్డలు కలుగని కోడలిని పేరంటమున వెనుకకు నెట్టకుడు. అంట్లు తోము మనిషిని పేరుపెట్టి పిలువుడు. భర్తను గోల్పోయిన యాడపడుచును శుభకార్యమున ముందువరుసలో కూర్చుండబెట్టుడు. మంచముపట్టిన ముసలియత్త "నేనందరకు బరువైతిని" అని కంటనీరు పెట్టుకొనినప్పుడు, "మీరు చేసినదానికై గాదు, మీరు మాకు గలరని సంతోషించుచున్నాము" అని చెప్పుడు. మనము విలువను ఉచితముగా పొందితిమో లేదో తెలిసికొనుటకు, ఇతరులకు దానిని ఉచితముగా ఇచ్చుచున్నామో లేదో చూచుకొనుటకంటె మంచి పరీక్ష లేదు.

ఆ సమరయ స్త్రీ కుండ బావికడనే నిలిచిపోయెను. మనమును లోకపు కొలబద్దను అట్లే దింపివేసి, ఖాళీచేతులతో ప్రభువు సన్నిధికి పోవుదము గాక. ముక్తిసదనము నేటికిని కేడ్గాంవ్‌లో స్త్రీలకును పిల్లలకును తలుపు తెరచియే యున్నది. మన గడపలును అట్లే తెరచియుండునట్లు చూచుకొనుట మన చేతిలోని పని.