కంటిగూటిలో చిక్కిన ముక్క

కంటికి గాయమైనప్పుడు మనము సాధారణముగా కనుగుడ్డును గూర్చియే ఆలోచింతుము. గ్రుడ్డు చెక్కుచెదరక, చూపు బాగున్నచో ఆపద తప్పినదని ఊరట చెందుదుము. కాని గ్రుడ్డునకు వెనుకను, ప్రక్కలను గల కంటిగూటిలో పుల్లముక్కయో, గాజుపెంకో దాగియుండవచ్చునను సంగతి మనకు స్ఫురింపదు. ఆ ఏమరుపాటు వలన పిదప చూపు పోవచ్చును.

కంటిగూడు ఏడు ఎముకల కలయికచే ఏర్పడినది. దాని పరిమాణము సుమారు 30 మిల్లీలీటర్లు. అందు కనుగుడ్డు ఆక్రమించునది సుమారు 7 మాత్రమే. తక్కిన చోట క్రొవ్వు, కండరములు, రక్తనాళములు, దృష్టినాడి ఉన్నవి. మెత్తని ఆ క్రొవ్వులో దూరిన ముక్క పైకి కనబడదు. రెప్పపై గాయము చిన్నదై త్వరలోనే మానిపోవచ్చును. గూటి కప్పునకు ఆవల మెదడు. ముక్కు ప్రక్కనున్న గోడయో, కాగితమువలె పలుచనిది. కావున లోతుగా దిగిన ముక్క కంటితోనే ఆగునని చెప్పజాలము.

దిగిన వస్తువును బట్టి చికిత్స మారును. కర్ర, వెదురు, ముల్లు సూక్ష్మజీవులను వెంటగొనిపోవును. అవి లోపల నిలిచినచో చీము పట్టును. మానిన గాయము కొన్ని వారములకో, నెలలకో తిరిగి స్రవించును. వానిని తీసివేయక తప్పదు. రాగియు తీవ్రమైన వాపు కలిగించును. గాజు, ఉక్కు, రాయి సాధారణముగా అట్టివి కావు. అవి లోతున దృష్టినాడి చెంత ఉండి, బాధ పెట్టనిచో, వైద్యులు వానిని అట్లే విడిచి గమనించుటయు కలదు. అచట తీయు ప్రయత్నమే చూపునకు చేటు కావచ్చును.

1895లో రాంట్‌జన్ కనుగొన్న ఎక్స్-రే లోహమును చూపునుగాని కర్రను చూపుట అరుదు. 1971లో లండనులో తొలిసారి రోగికి చేయబడిన సి.టి. స్కానింగే నేడు ప్రధాన సాధనము. దానియందును ఎండుకర్ర గాలిబుడగవలె కనబడి భ్రమ గొల్పగలదు. కనుక ఏమి గ్రుచ్చుకొన్నదో మనము వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను. విరిగిన పుల్లలో మిగిలిన భాగమును వెంట తీసికొనిపోవలెను. ఇనుపముక్క ఉన్నదను అనుమానము తీరువరకు ఎం.ఆర్.ఐ. చేయరాదు. దాని అయస్కాంతశక్తికి ముక్క లోపల కదలి హాని చేయును.

బిళ్ళంగోడు ఆటలోనో, కొబ్బరియీనె బాణముతోనో ఇట్టి ప్రమాదము జరిగినప్పుడు మన కర్తవ్యమేమి? గ్రుచ్చుకొన్నదానిని లాగరాదు. కంటిని నలుపరాదు, నొక్కరాదు, నీళ్ళతో కడుగరాదు. సుర్మా, ఆముదము, తల్లిపాలు ఏవియు వేయరాదు. కాగితపు కప్పును కంటికి తగులకుండ బోర్లించి అంటించవలెను. పుల్ల పైకి పొడుచుకొనియున్నచో అది కదలకుండ చూడవలెను. మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయవలసి రావచ్చును గాన ఆహారము, నీరు ఈయక వెంటనే నేత్రవైద్యుని కడకు చేర్చవలెను. ధనుర్వాతపు సూదిమందు సంగతియు అడుగవలెను.

గాయము మానిన పిదప కన్ను ముందుకు ఉబ్బినను, వస్తువులు రెండుగా కనబడినను, చీము కారినను, జ్వరము వచ్చినను, పాత గాయమును జ్ఞప్తికి తెచ్చుకొని వైద్యునకు చెప్పుడు. ఆ ఒక్క మాటయే దాగిన ముక్క జాడ తెలుపగలదు.