వలవేసి చేపల లెక్క కట్టుట

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు కలదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి దీనిలో గలియును. ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు గొనిపోవును. ఈ సరస్సునందు గాని, కైకలూరు ప్రాంతపు చెరువులయందు గాని, చేపలెన్ని యున్నవో కంటితో జూచి చెప్పజాలము. కావున కొన్ని తావుల వలవేసి, పడినవానినిబట్టి మొత్తమును అంచనా కట్టుదురు. అంచనా తప్పినచో నష్టము రైతునకే. ఉన్నవానికంటె ఎక్కువ చేపలు గలవని తలచి మేత వేసినయెడల, మిగిలిన మేత క్రుళ్లి, నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారుజామున చేపలు చచ్చును.

అంచనా తప్పుటకు ముఖ్యకారణములు మూడు.

మొదటిది వలకన్ను. తెరవలలో కంటికి సరిపడు లావుగల చేపయే చిక్కును. చిన్నది కంటిగుండ దాటిపోవును. మిక్కిలి పెద్దది తల దూర్పలేక తొలగిపోవును. కావున పలువిధముల కన్నులుగల వలలను వాడవలయును.

రెండవది చేపల నడవడి. బొచ్చె నీటి పైభాగమునను, శీలావతి నడుమను, ఎర్రమోసు అడుగునను మేయును. కొర్రమీను నాచు, గుర్రపుడెక్కల మాటున దాగును. అచట విసురువల చక్కగ పారదు. ఒక జాతి వలలో తక్కువగా పడినంతమాత్రమున అది చెరువులో తక్కువగా నున్నదని తలపరాదు.

మూడవది చోటు, కాలము. మేతసంచులు వ్రేలాడదీసిన గుంజలచెంత వల విసరినచో చేపలు గుంపుగా పడును. ఆ లెక్కను చెరువంతటికి వర్తింపజేసిన అంచనా మించిపోవును. సరస్సునందు వర్షకాలమున నీరు విస్తరించి చేపలు చెదరును. వేసవియందు నీరు తగ్గి ఒకచో జేరును. కావున వేసవిలో వల నిండినను చేపలు పెరిగినవని యెంచరాదు.

గురుతుపెట్టు పద్ధతి మరియొకటి కలదు. డెన్మార్కు దేశస్థుడగు పీటర్సన్ 1890ల దశాబ్దమున దీనిని చేపలకు ఉపయోగించెను. 100 చేపలను పట్టి, రెక్క కొన కొంచెము కత్తిరించి విడిచిరనుకొనుడు. కొన్నిదినములకు మరల పట్టిన 200 చేపలలో గురుతుగలవి 20 ఉన్నచో, పదింట నొకటి గురుతుగలది; మొత్తము సుమారు 1000. అయితే గురుతుచేపలు చావకుండవలెను, తక్కినవానితో బాగుగ కలియవలెను. అవి వలకు బెదరి తప్పించుకొన్నచో లెక్క పెరిగిపోవును. ఏరులు వచ్చిపోవు కొల్లేటికంటె, గట్టుగల చెరువునకు ఈ పద్ధతి తగినది.

కావున రైతులు ప్రతిమారు అదే వలతో, అదే వేళకు, మేతచోటును విడిచి, చెరువు నాలుగుమూలలను నడుమను వలవేసి, ప్రతి వలలో పడిన చేపల సంఖ్యను, బరువును వ్రాసి యుంచవలయును. ఒక్క వలను నమ్మి మేతను పెంచుట గాని, పట్టుబడికి పూనుకొనుట గాని తగదు.