ఏది పెద్దది? ఐఐఎస్సీనా, ఐఐటీ హైదరాబాదా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ నుంచి కబురు వచ్చినప్పుడు కథ రాద్దామా, కవిత రాద్దామా అని ఆలోచించాం. చివరికి, మాకు అవసరమైన రోజున ఎవరూ చెప్పని ఒక సంగతి మీకు చెబితే ఎక్కువ పనికొస్తుందనిపించింది. అందుకే ఈ వ్యాసం.

మేమిద్దరం ఈ బర్కత్‌పుర హాస్టల్లో ఒకే గదిలో ఉండి బి.టెక్ మెకానికల్ చదివాం. మా రెండు ఇళ్లలోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. సాయంత్రమైతే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి గేట్‌కు చదువుకునేవాళ్లం. చుట్టూ గ్రూప్స్‌కు, ఎస్సై ఉద్యోగాలకు, డీఎస్సీకి చదివేవాళ్లు. అందరి చేతుల్లో అశోక్‌నగర్ జిరాక్సు నోట్సులు. మా పుస్తకం చూసి "ఇది ఏ నోటిఫికేషన్ తమ్మీ?" అని అడిగేవారు.

ఫలితాలు వచ్చాక ఎం.టెక్ సీట్లకు దరఖాస్తు చేశాం. ఒకే రౌండులో ఇద్దరికీ రెండేసి ఆఫర్లు వచ్చాయి. ఒకటి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్సీ), రెండోది ఐఐటీ హైదరాబాద్. జవాబు చెప్పడానికి రెండు రోజుల గడువు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఒకటే మాట అన్నాడు: "ఏది పెద్దగుంటే దాంట్లనే చేరు బిడ్డా."

ఏది పెద్దది? ఆ రాత్రంతా మేము ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాం. తెల్లవారేసరికి అర్థమైందేమిటంటే, ఆ ప్రశ్నతో మనకు దారి దొరకదు.

రెండింటి పుట్టుక

ఐఐఎస్సీ జంషెడ్జీ టాటా కల. ఆయన 1904లో కన్నుమూశారు. సంస్థ 1909లో ఏర్పడింది. మైసూరు సంస్థానం 371 ఎకరాలు ఇచ్చింది. 1933లో సి.వి. రామన్ దానికి తొలి భారతీయ డైరెక్టర్ అయ్యారు. 1962 నుంచి 1981 వరకు డైరెక్టర్‌గా ఉన్న సతీష్ ధావన్ ఇస్రోను కూడా నడిపించారు. మన శ్రీహరికోట కేంద్రానికి పెట్టిన పేరు ఆయనదే. వంద సంవత్సరాల పాటు అది ప్రధానంగా పైచదువుల, పరిశోధనల సంస్థ. ఇంటర్ తర్వాత చేరే నాలుగేళ్ల కోర్సు అక్కడ మొదలైంది 2011లోనే.

ఐఐటీ హైదరాబాద్ వయసు చాలా తక్కువ. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలై, 2015లో సంగారెడ్డి దగ్గర కందిలోని సొంత క్యాంపస్‌కు మారింది. అది 576 ఎకరాల స్థలం. జపాన్ ప్రభుత్వ సహకారంతో భవనాలు కట్టారు. దేశంలో మొదటిసారిగా కృత్రిమ మేధలో బి.టెక్ కోర్సును 2019లో ప్రారంభించింది ఇదే.

ఒకటి తాతవంటిది, ఒకటి మనవడివంటిది. తాతకు పేరుంది, అనుభవం ఉంది. మనవడికి కొత్త ప్రయోగశాలలు, కొత్త ఉత్సాహం ఉన్నాయి. అమెరికాలోనూ ఎంఐటీనా, కాల్‌టెక్కా అని పిల్లలు తల పట్టుకుంటారట. ఎంఐటీలో డిగ్రీ విద్యార్థులు నాలుగు వేలకు పైగా ఉంటే కాల్‌టెక్‌లో వెయ్యి మందికి అటూ ఇటూ. రెండింటి నుంచీ నోబెల్ గ్రహీతలు వచ్చారు. ఇంత ఎత్తుకు చేరాక పేర్లను తూచి లాభం లేదు. తూచుకోవలసింది మన అవసరాలను.

చదువులో తేడా ఎక్కడ?

రెండుచోట్లా ఎం.టెక్ రెండేళ్లు. మొదట క్లాసులు, తర్వాత ప్రాజెక్టు. ఐఐఎస్సీలో మన చుట్టూ ఉండేవారిలో పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎక్కువ. టీ దగ్గర మాటలు కూడా ప్రయోగాల గురించే. పరిశోధనలోకి పోవాలనుకున్నవాడికి ఆ గాలి మంచిది. ఐఐటీలో బి.టెక్ పిల్లల సందడి ఎక్కువ. క్లబ్బులు, పోటీలు, కంపెనీల రాకపోకలు కనబడతాయి. ఉద్యోగం ముందు కావాలనుకున్నవాడికి అది కలిసి వస్తుంది. అలాగని ఐఐఎస్సీ నుంచి ఉద్యోగాలు రావనీ, ఐఐటీలో పరిశోధన లేదనీ కాదు.

సంస్థ పేరుకంటే విభాగం ముఖ్యం, విభాగంకంటే ప్రాజెక్టు చేయించే గైడు ముఖ్యం. వెబ్‌సైటులో అధ్యాపకుల పేజీలు ఉంటాయి. ఎవరు దేనిమీద పనిచేస్తున్నారు, ఈ మధ్య ఏం ప్రచురించారు, వారి ల్యాబులో ఎంతమంది ఉన్నారు అన్నవి గంటసేపు కూర్చుంటే తెలుస్తాయి. మేము ఆ రాత్రి చేసిన మంచి పని అదొక్కటే.

డబ్బు సంగతి

మన దగ్గర ఈ మాట సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. గేట్ స్కోరుతో ఎం.టెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. దానికి బదులుగా వారానికి కొన్ని గంటలు ల్యాబులోనో, పేపర్లు దిద్దడంలోనో సాయం చేయాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఉండదు. బి.టెక్‌కు పోయే తమ్ముళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. ఐఐటీల్లో బి.టెక్ ట్యూషన్ ఫీజు 2016లో ఏడాదికి 2 లక్షలైంది. కానీ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, లక్ష లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు పూర్తి మాఫీ ఇచ్చారు. లక్ష నుంచి 5 లక్షల లోపు ఆదాయం ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ చేశారు. "2 లక్షలు" అన్న మాట విని దరఖాస్తే మానేసినవాళ్లు మాకు తెలుసు.

అయితే ట్యూషన్ ఫీజు మాఫీ అంటే అన్నీ మాఫీ అని కాదు. సీటు ఒప్పుకున్నప్పుడు కట్టేది, డిపాజిట్టు, మెస్ అడ్వాన్సు, రైలు ఖర్చు, పరుపు, దుప్పటి ఉంటాయి. మొదటి స్టైపెండ్ చేతికి వచ్చేదాకా గడవాలి కూడా. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ఒక దినసరి కూలి కొడుక్కి ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు వచ్చింది. కట్టవలసింది 17,500 రూపాయలు. ఆ డబ్బు కూడగట్టేసరికి నిమిషాల తేడాతో గడువు దాటింది. చివరకు ఆ ఏడాది సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు కలగజేసుకుని సీటు ఇప్పించింది. అందరికీ సుప్రీంకోర్టు దాకా పోయే అవకాశం దొరకదు. ఫలితాలకు ముందే కుల, ఆదాయ ధ్రువపత్రాలు తెచ్చుకోండి. ఇరవై వేలైనా ఎవరు సర్దుతారో అడిగి పెట్టుకోండి. మాలో ఒకరికి ఒక కార్యాలయంలో ఆదాయ పత్రం కోసం పదకొండు రోజులు తిరగవలసి వచ్చింది.

డబ్బు మధ్యలో ఆగితే ఏమవుతుందో బాబాసాహెబ్ జీవితమే చెబుతుంది. బరోడా మహారాజా ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో కొలంబియా వెళ్లారు. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. ఉపకార వేతనం గడువు తీరిపోవడంతో 1917లో చదువు ఆపి తిరిగి రావలసి వచ్చింది. డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లి 1923లో డి.ఎస్సీ. పూర్తి చేశారు. అంతటివాడికే తప్పలేదు. కాబట్టి చేరడానికి ఎంత అన్నదొక్కటే కాకుండా, చివరి సెమిస్టర్ దాకా ఎంత అని లెక్క వేసుకోండి.

చేరడం వేరు, పూర్తిచేయడం వేరు

2023 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు ఇచ్చిన లెక్క ప్రకారం, అంతకుముందు ఐదేళ్లలో ఐఐటీల నుంచి 2,066 మంది ఓబీసీ, 1,068 మంది ఎస్సీ, 408 మంది ఎస్టీ విద్యార్థులు మధ్యలో బయటకు వచ్చారు. అందరూ తప్పి వచ్చారనుకోవద్దు. వేరే కోర్సులకు మారేవారూ ఉంటారు. అయినా ఆ అంకెలు చూశాక మాకు గుండె ఝల్లుమంది.

మన ఇబ్బంది తెలివిలో లేదు. బి.టెక్ మొదటి సంవత్సరంలో మేము చదివిన కళాశాలలో ఇంగ్లీషు పాఠం అర్థం కాక, లేచి అడగలేక రెండు నెలలు మౌనంగా కూర్చున్నాం. "నీ ర్యాంకెంత?" అని తోటివాడు అడిగితే మెస్‌కు ఆలస్యంగా పోవడం మొదలుపెట్టాం. ఆ మౌనమే మమ్మల్ని మొదటి సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు తప్పించింది. ఒకరికొకరం తోడు లేకుంటే సంచి సర్దుకుని వెళ్లిపోయేవాళ్లం.

అందుకే ఎక్కడ చేరినా మొదటి వారంలోనే మూడు పనులు చేయండి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల సెల్ ఎక్కడుందో కనుక్కోండి. ఫ్యాకల్టీ అడ్వైజర్‌ను కలిసి మీ పేరు, మీ ఊరు చెప్పండి. మన భాష మాట్లాడే ఒక సీనియర్‌ను పట్టుకోండి. అర్థం కాని సంగతిని రెండో నెల దాకా దాచుకోవద్దు.

మేము ఎలా తేల్చుకున్నాం

ఈ ఆఫర్లన్నీ కోఆప్ అనే ఉమ్మడి పోర్టల్‌లో కనిపిస్తాయి. "యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్" నొక్కితే సీటు ఖాయం, వెనక్కి రాలేరు. "రిటైన్ అండ్ వెయిట్" అంటే చేతిలో ఉన్నది పట్టుకుని తర్వాతి రౌండు చూడటం. "రిజెక్ట్" చేసిన సీటు మళ్లీ రాదు. నిద్రమత్తులో ఈ మీటలు నొక్కకండి.

రెండో రోజు ఉదయం బర్కత్‌పుర చమన్ దగ్గర టీ తాగుతూ ఒక కాగితంమీద ఐదు ప్రశ్నలు రాసుకున్నాం. రెండేళ్ల తర్వాత నాకు ఏం కావాలి? నాకు నచ్చిన పని చేయించే గైడు ఎక్కడున్నాడు? చివరి దాకా డబ్బు ఎలా? ఇంట్లో నా అవసరం ఎంత? కష్టమొస్తే ఎవరి దగ్గరికి పోతాను? ఎవరి జవాబులు వాళ్లం రాసుకున్నాం.

మాలో ఒకరి అమ్మకు వారానికి రెండుసార్లు సంగారెడ్డిలో డయాలసిస్. కంది నుంచి సంగారెడ్డి పక్కనే. ఆ ఒక్క జవాబు మిగతా నాలుగింటినీ మించిపోయింది. "పెద్ద పేరు వదులుకున్నాడు" అని కొందరన్నారు. ఇప్పుడు మంగళవారం సాయంత్రం ల్యాబు అయ్యాక అమ్మ పక్కన కూర్చుని, రాత్రికి క్యాంపస్ చేరి మళ్లీ ప్రాజెక్టు పని చేసుకుంటున్నాం. చదువూ ఆగలేదు, అమ్మా ఒంటరి కాలేదు.

ఇంకొకరికి పీహెచ్‌డీ చేయాలని ఆశ. ఇంట్లో అన్న వ్యవసాయం చూసుకుంటున్నాడు. ఊరు మహబూబ్‌నగర్ దగ్గర. కాచిగూడలో బయలుదేరే బెంగళూరు రైలు ఆ దారినే పోతుంది. రాత్రి ఎక్కితే పొద్దున బెంగళూరు. పీహెచ్‌డీలో చేరి జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఆ లెక్క చూపిస్తే ఇంట్లోవాళ్లు కూడా సరేనన్నారు.

ఒకే గది, ఒకే పుస్తకాలు, అవే రెండు ఆఫర్లు. తీసుకున్న నిర్ణయాలు రెండు. ఏడాది గడిచింది. ఇద్దరం మొదటి సంవత్సరం అన్ని సబ్జెక్టులూ పాసయ్యాం. ఇద్దరిలో ఎవరికీ పశ్చాత్తాపం లేదు.

మొన్న సెలవులకు వెళ్తే నాన్న మళ్లీ అడిగాడు, ఇంతకూ ఏది పెద్దదని. "రెండూ పెద్దవే నాన్నా, మేమే ఇంకా చిన్నోళ్లం" అని చెప్పాం. నవ్వాడు.

తమ్ముళ్లారా, రేపు మీకు ఇలాంటి రెండు రోజుల గడువు వస్తుంది. ఐఐఎస్సీ, ఐఐటీ కావచ్చు, వరంగల్ ఎన్ఐటీ, ఉస్మానియా కావచ్చు. ఆ రాత్రి మాకు అడగడానికి అన్న లేడు. మీకు మేమున్నాం. మా ఇద్దరి ఫోన్ నంబర్లు వార్డెన్ సారు దగ్గర రాసి పెట్టాం. ఎంత రాత్రయినా ఫోన్ చేయండి.