కింద మడిగె, పైన కాపురం: గీత ఎక్కడ గీయాలె?

హైదరాబాద్‌ల ఏ బస్తీకి పోయినా ఇదే కనబడతది. కింద షట్టర్, పైన కాపురం. నిన్నటిదాకా బండి పెట్టుకున్న జాగల ఇయ్యాల మెడికల్ షాపు, పక్కకు కర్రీ పాయింట్. ఓనరుకు కిరాయి వస్తది, గల్లీవోళ్లకు పాల ప్యాకెట్ దగ్గర్ల దొరుకుతది. ఇందుల తప్పేమున్నది?

తప్పు ఎక్కడున్నదో తెలువాలంటే రెండు అగ్గి ప్రమాదాలను యాది చేసుకోవాలె. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌ల ఓ అపార్ట్‌మెంట్ అంటుకున్నది. పైన జనం కాపురముంటుంటే కింద కెమికల్ డ్రమ్ములు నిల్వ పెట్టిండ్రు. కనీసం 9 మంది పాణాలు పోయినయి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ కాడ కింద దుకాణాలు, పైన ఇండ్లున్న పాత బిల్డింగ్‌ల 17 మంది చనిపోయిండ్రు. అందుల 8 మంది పిల్లలే.

రెంటినీ ఒక్క గాటన కట్టొద్దు. బజార్‌ఘాట్‌ల ఉన్నది అసలు ఇండ్ల నడుమ ఉండనే కూడని సరుకు. గుల్జార్ హౌజ్ కాడ మాత్రం దుకాణం మీద ఇల్లు తరతరాల రివాజు. చార్మినార్ చుట్టు ఊరు పెరిగిందే గట్ల. అక్కడ లేనిది బయటపడే తొవ్వ. అంటే ఇల్లు, యాపారం కలిసి ఉండుడే నేరం కాదు. ఏం యాపారం, ఎంత జాగల, ఎసొంటి బిల్డింగ్‌ల అన్నదే అసలు లెక్క.

ఈ లెక్క చూసేందుకే జోనింగ్ ఉన్నది. మాస్టర్ ప్లాన్ మ్యాపుల ప్రతి సర్వే నంబరుకు ఒక రంగు ఉంటది. ఇండ్లకు ఒకటి, యాపారానికి ఒకటి, ఫ్యాక్టరీలకు ఒకటి. శివారు కోసం 2013ల ఆమోదించిన 2031 ప్లాన్‌ల మల్టిపుల్ యూస్ జోన్ అని కలగలుపు జోన్ కూడా ఉన్నది. రెసిడెన్షియల్ జోన్ అంటే దుకాణమే ఉండొద్దని కాదు, గల్లీ అవసరానికి చిన్న చిన్నయి నడువొచ్చు.

మనోళ్లు ఎక్కువ పొరపాటు పడేది కాగితాల కాడ. బల్దియా ఇచ్చిన ఇంటి పర్మిషన్ ఒకటి, ప్రాపర్టీ ట్యాక్స్ ఒకటి, కరెంటు మీటర్ క్యాటగిరీ ఇంకొకటి. కమర్షియల్ ట్యాక్స్ కడుతున్నం, కమర్షియల్ బిల్లు కడుతున్నం, ఇంకేం గావాలె అంటరు. ట్యాక్స్ కట్టినంత మాత్రాన వాడకానికి పర్మిషన్ వచ్చినట్టు కాదు. సర్కారు ఒక చేత్తోటి పైసలు తీసుకుంటది, ఇంకో చేత్తోటి నోటీస్ ఇస్తది. ఓనర్లకు కోపం రాక ఏమైతది?

2020ల వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం చిన్న ఇండ్లకు పర్మిషన్ సులువు చేసింది. 75 గజాల లోపు జాగల ఇల్లు కట్టుకునేటోళ్లు రిజిస్టర్ చేసుకుంటే సాలు. పేదోళ్లకు మేలే. కాకపోతే ఇల్లని రాయించి ఏడాదికి షట్టర్ ఎత్తితే మళ్ల వచ్చి చూసేటోళ్లు ఉండాలె గదా.

ఇగ సీల్ చేసుడే మందు అనుకుంటే, ఢిల్లీని చూడాలె. 2006ల సుప్రీంకోర్టు ఆర్డరుతోని ఇండ్ల ఏరియాలల్ల దుకాణాలకు సీలు వేసిండ్రు. యాపారులు రోడ్డెక్కిండ్రు, ఊరంత అట్టుడికింది. ఆఖరికి 2007ల కొత్త మాస్టర్ ప్లాన్ తెచ్చి మిక్స్‌డ్ యూస్ రోడ్లని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఏండ్లకేండ్లు చూడనట్టు ఉండి ఒక్కనాడు తాళమేస్తే అయ్యేది ఇదే.

జపాన్‌ల పద్ధతి నాకైతే నచ్చింది. అక్కడ అన్నింటికంటె కట్టుదిట్టమైన ఇండ్ల జోన్‌ల కూడా ఇంటితోని కలిసిన చిన్న దుకాణానికి జాగ ఇచ్చిండ్రు. 50 చదరపు మీటర్లు దాటొద్దు, బిల్డింగ్‌ల సగం కంటె తక్కువే ఉండాలె. పేరు కాదు, కొలత చూస్తరు. మన కాడ కూడా కిరాణం, టైలర్, ఇస్త్రీ బండి జోలికి పోకుండ, గోదాములు, మండే సరుకు, పెద్ద ఫంక్షన్ హాళ్ల మీద కండ్లు పెట్టొచ్చు. రోడ్డు ఎంత వెడల్పు, బండ్లు ఎక్కడ ఆగుతయి, రెండో మెట్లున్నయా అని ముందుగాలనే అడగొచ్చు. ఇంతకు మన కాడ రోడ్డును కమర్షియల్ చేసుడంటే ఫీజు కట్టించుకునుడే అయింది. రోడ్డేమో గదే రోడ్డు, బండ్లు మాత్రం పది రెట్లు.

జాగ వాడకం మార్చాలంటే పేపర్ల ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడుగుతరు. గడువు కొద్ది రోజులే, భాష ఆఫీసు భాష, సర్వే నంబర్లు తప్ప గల్లీ పేరే కనబడదు. ఎవరు సదువుతరు? అదే నోటీసును తెలుగుల, ఉర్దుల పెద్దక్షరాలతోటి రాసి ఆ జాగ ముంగట్నే కట్టుండ్రి. పక్కింటోళ్లు చూస్తరు, అడిగేటిది అడుగుతరు.