చిన్న ఫోర్‌వీల్ బండిని ఎత్తు చేయించే ముందు

పాతపాళ్య, చేలూరు వైపు పల్లెల్లో మన ఇళ్ల ముందు చిన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లు ఒక్కొక్కటే కనబడుతున్నాయి. కొన్ని సెకండ్‌హ్యాండులో కొన్న మారుతి జిప్సీలు, కొన్ని 2023 జూన్‌లో మార్కెట్టుకు వచ్చిన ఐదు తలుపుల జిమ్నీలు. బండి వచ్చి నెల తిరక్కముందే పిల్లలు లిఫ్ట్ మాట ఎత్తుతారు. లిఫ్ట్ అంటే సస్పెన్షన్ మార్చి బండిని నేలకు ఇంకా ఎత్తులో నిలబెట్టడం. డబ్బు ఇచ్చేది మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు. అది దేనికి పనికొస్తుంది, దేనికి రాదు అన్నది వారికి అర్థమయ్యేటట్టు చెప్పేవారు తక్కువ.

ఒక సంగతి మొదటే మనసులో పెట్టుకోవాలి. తోటకు, వంక దాటడానికి పోయే బండే అవ్వను ఆసుపత్రికి తీసుకుపోతుంది, పెండ్లికి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని 44వ జాతీయ రహదారి మీద బెంగళూరికి పోతుంది. రాళ్ల బాటలో నడిచేది కొద్ది దూరం, తారురోడ్డు మీద నడిచేదే ఎక్కువ. కాబట్టి ఎంత ఎత్తు చేయవచ్చు అని కాదు, ఎంత తక్కువతో మన పని జరుగుతుంది అని అడగాలి.

ముందు ఏది తగులుతోందో చూడండి

మన బాటల్లో బండి మూడు రకాలుగా తగులుతుంది. వంక గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపరో, దిగేటప్పుడు వెనక బంపరో తగలడం ఒకటి. గట్టు దాటేటప్పుడు కడుపు ఆనడం రెండోది. ట్రాక్టరు గాళ్ల నడుమ లేచిన దిబ్బకో, రాయికో ఇరుసు మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండు తగలడం మూడోది.

సస్పెన్షన్ లిఫ్ట్ మొదటి రెండింటికే మందు. జిప్సీ, జిమ్నీ రెండింటికీ ముందూ వెనకా గట్టి ఇరుసులే. స్ప్రింగు ఎంత పెంచినా లేచేది ఇరుసు పైన ఉన్న చాసిస్, బాడీ మాత్రమే. డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే.

జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15. దాని ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703 అవుతుంది. పెరిగిన ఎత్తులో సగమే గుండుకు దక్కుతుంది, అంటే 5 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 వేస్తే గుండు 20 మిల్లీమీటర్లు లేస్తుంది. కానీ స్పీడోమీటరు 60 చూపినప్పుడు బండి దాదాపు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటుంది. ఇంజను మీద బరువు పెరుగుతుంది, స్టీరింగు తిప్పినప్పుడు టైరు లోపల రుద్దుకోవచ్చు.

లిఫ్టుల్లో రకాలు

కాయిల్ స్ప్రింగు ఉన్న జిమ్నీకి చవకైనది స్పేసరు, అంటే పాత స్ప్రింగు మీద పెట్టే దిమ్మ. ఖర్చు తక్కువే. కానీ షాక్ అబ్జార్బరు పాత పొడవుదే ఉంటే, చక్రం పల్లంలోకి దిగాల్సిన చోట అది ముందే ఆఖరుకు వచ్చి పట్టేస్తుంది. పొడవు స్ప్రింగులు, వాటికి సరిపోయే షాకులు కలిపి వేయడం దీనికంటే మేలు. కిట్టు కొనేటప్పుడు అది ఏ బండికి చేసినదో అడగండి. బయటి దేశాల్లో ఎక్కువగా నడిచేది మూడు తలుపుల జిమ్నీ. దాని చక్రాల నడుమ దూరం 2,250 మిల్లీమీటర్లు, మన ఐదు తలుపుల బండికి 2,590. బరువు పడే తీరు వేరు గనుక వెనక స్ప్రింగు కూడా వేరే ఉండాలి.

జిప్సీకి నాలుగు వైపులా కమాను పట్టీలే. కొందరు పొడవు షాకిళ్లు వేస్తారు. షాకిల్ రెండు అంగుళాలు పెంచితే బండి లేచేది ఒక అంగుళమే, ఎందుకంటే పట్టీకి ఒక కొన మాత్రమే కదులుతుంది. ఇరుసు కింద ఉండే పట్టీలను ఇరుసు పైకి మార్చడం ఇంకో పద్ధతి. ఒక్కసారిగా సుమారు ఐదు అంగుళాలు లేస్తుంది. స్టీరింగు రాడ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు అన్నీ మళ్లీ సరిచేయాలి. అది పోటీల్లో తిప్పే బండికి గానీ సంసారం బండికి తగదు.

స్ప్రింగు గట్టిదనం బరువును బట్టి ఎంచాలి. ఇనుప బంపరు, వించి, పైన క్యారియరు ఎప్పుడూ మోసే బండికి చేసిన గట్టి స్ప్రింగును సుమారు 1,200 కిలోల ఖాళీ జిమ్నీకి వేస్తే, ప్రతి గుంతకూ వెనక కూర్చున్నవారి నడుము లేస్తుంది.

ఎత్తుతో పాటు మారేవి

సైకిల్ ముందు ఫోర్కు కొంచెం వాలి ఉంటుంది గనుకే చక్రం తనంతట తాను తిన్నగా నిలుస్తుంది. బండిలో ఆ వాలును క్యాస్టర్ అంటారు. జిమ్నీని లేపితే ముందు ఇరుసు తిరిగి ఈ వాలు తగ్గుతుంది. అప్పుడు వేగంలో స్టీరింగు తేలిపోయినట్టు ఉంటుంది, మలుపు తర్వాత సరిగా వెనక్కు రాదు. దానికి క్యాస్టర్ బుష్‌లు వేసి అలైన్‌మెంటు చూపాలి. ఇరుసును పక్కకు జరగకుండా పట్టే అడ్డరాడ్డు కూడా, బండి లేచినప్పుడు ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. సర్దుకునే రాడ్డు వేయాలి. బ్రేకు గొట్టాలు చక్రం పూర్తిగా కిందికి దిగినప్పుడు బిగుసుకోకూడదు. హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడకుండా దించాలి.

అన్నిటికంటే పెద్దది బరువు పైకి పోవడం. గడ్డి ఎత్తుగా వేసిన ట్రాలీ మలుపులో ఎలా ఊగుతుందో అందరం చూశాం. చక్రాల వెడల్పు అదే ఉండి ఎత్తు పెరిగితే చిన్న బండీ అంతే. హైవేలో అడ్డం వచ్చినదాన్ని తప్పించబోయి స్టీరింగు ఠక్కున తిప్పినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో వచ్చిన 182ఏ సెక్షనులో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. షాపువాడు “ఎవరూ అడగరు సార్” అన్నది అనుమతి కాదు. పని మొదలుపెట్టక ముందే ఆర్‌టీఓ కార్యాలయంలో, ఇన్సూరెన్స్ కంపెనీలో రాతమూలకంగా అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. ప్రమాదం జరిగాక, చెప్పని మార్పు చూపి క్లెయిము ఆపితే నష్టపోయేది ఇల్లంతా. సొంత బండి ఆర్‌సీ 15 ఏళ్లకు తిరగరాయించాలి, అప్పుడు బండిని పరీక్షకు నిలబెట్టాలి. పాత జిప్సీ కొనేవారు దాని మీద ముందే జరిగిన మార్పులు చూసుకుని కొనాలి.

ఏ వరుసలో చేయాలి

ఒక వానాకాలం బండిని ఉన్నట్టే నడిపి, ఏది ఎక్కడ తగిలిందో రాసుకోండి. అరిగిన షాకులు, కుంగిన పట్టీలు ఉంటే ముందు అవే మార్చండి. పాత బండి అసలు ఎత్తు తిరిగి వస్తుంది, చాలామందికి అదే చాలు. గాళ్లలోకి పోయేటప్పుడు టైరుగాలి కొంచెం తగ్గించి, తారురోడ్డు చేరగానే మళ్లీ నింపండి. ఇన్ని చేసినా కడుపు ఆనుతుంటే, అనుమతి దొరికితే, ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల దగ్గర ఆపండి. పని అయ్యాక ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కించి, దింపి చూడండి. మోకాళ్ల నొప్పి ఉన్న అవ్వ ఎక్కలేని బండి ఆ ఇంటికి సగం పోయినట్టే. షాపులో మీ పాత స్ప్రింగులు, షాకులు వదిలిపెట్టకండి. బిల్లుతో పాటు ఇంటికి తెచ్చి అటక మీద భద్రంగా పెట్టుకోండి.